ఉపాధ్యాయునకు సహపాఠు లెవ్వరు?

విద్య నాలుగు పాళ్ళుగా లభించునని మన పూర్వులు లెక్కవేసిరి. ఒక పాలు గురువు వలన, ఒక పాలు స్వబుద్ధి వలన, ఒక పాలు తోడి విద్యార్థుల వలన, కడపటి పాలు కాలక్రమమున. ఈ లెక్క విద్యార్థిని గూర్చి చెప్పినది. అయినను దీనిని ఉపాధ్యాయునకు వర్తింపజేసి చూచినచో ఒక లోటు కంటబడును. పట్టము పుచ్చుకొని బడిలో చేరిననాటితో అతనికి గురువు పాలు ముగిసినది. స్వబుద్ధి ఎవరికి వారికే కలదు. కాలము తన పాలు తాను ఇచ్చుచునే యుండును. ఇక మూడవ పాలు మాట యేమి? ఉపాధ్యాయునకు సహపాఠు లెవ్వరు?

వైద్యునకు సందేహము కలిగినచో రోగి మంచము కడనే తోటి వైద్యునితో సంప్రదించును. వకీళ్ళకు కోర్టు ఆవరణలో కూడి మాటలాడుకొను గది యొకటి యుండును. వడ్రంగి పక్కవాని ఉలిపట్టు చూచి తన పట్టు దిద్దుకొనును. ఉపాధ్యాయుడు మాత్రము తన గదిలో ఒంటరిగా పనిచేయును. ఒకే వసారాలో పక్కపక్క గదులలో ముప్పదియేండ్లు పాఠము చెప్పిన ఇరువురు, ఒకరి పాఠమును ఒకరు ఒక్కనాడైనను విని యెరుగకపోవుట మనకు వింతగా తోచదు.

అందరిలోను విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుని ఒంటరితనము మరింత కఠినమైనది. పల్లెటూరి బడిలో ఆ శాస్త్రమునకు అతడొక్కడే యుండుట పరిపాటి. భాషాపండితునకు ఒక పద్యమున అన్వయము కుదరకున్నచో కవి జీవితమో, పురాణకథయో చెప్పి గంట మ్రోగువరకు నెట్టుకొని రావచ్చును. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునకు ఆ మరుగు లేదు. ఎర్రబడవలసిన ద్రవము నీలముగానే నిలిచినచో నలువది జతల కన్నులు దానిని చూచును. ఎందుకిట్లైనదని పిల్లవాడు అడుగును. పుస్తకములో ఆ ప్రశ్నకు జవాబుండదు. అడిగి తెలిసికొందమన్న తోడివాడు లేడు. నాలుగైదు మారులు ఇట్లైన పిమ్మట అతడు పరికరములను బీరువాలో పెట్టి తాళము వేయును. ప్రయోగమును నల్లబల్లమీద బొమ్మగా గీసి, ఫలితమును నోట్సుగా చెప్పి వ్రాయించును. దీనిని మనము సోమరితన మందుము. చాలమారులు అది సోమరితనము గాదు, ఒంటరితనము.

ఈ ఒంటరితనమును పోగొట్టుటకు మన దేశములోనే ఒక గొప్ప ప్రయత్నము జరిగినది. ముప్పదియేండ్లు సాగి 2002లో ముగిసిన ఆ చరిత్రను మన ఉపాధ్యాయులు, రేపు ఉపాధ్యాయులు కాగోరు విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

నర్మదాతీరమున

మధ్యప్రదేశములో నర్మదానది ఒడ్డున హోషంగాబాదు జిల్లా కలదు. 2022లో ఆ పేరు నర్మదాపురముగా మారినది. అచ్చట రసూలియాలో ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను సేవాసంస్థయు, బన్ఖేడీ ప్రాంతమున కిశోర్ భారతి అను మరొక సంస్థయు గ్రామసేవ చేయుచుండెను. కిశోర్ భారతిని స్థాపించిన అనిల్ సద్గోపాల్ బొంబాయి టాటా పరిశోధనాలయములో జీవశాస్త్రజ్ఞుడుగా నుండి, ఆ ఉద్యోగమును విడిచి పల్లెకు వచ్చినవాడు. ఈ రెండు సంస్థలును రాష్ట్రప్రభుత్వము అనుమతితో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధనమును కొత్త పద్ధతిని ఆరంభించినవి. అదియే హోషంగాబాదు విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమము.

పద్ధతి ఇది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుందురు. వారే ప్రయోగము చేయుదురు, చూచినది వ్రాసికొందురు, తర్కించి ఒక నిర్ణయమునకు వత్తురు. సిద్ధాంతములను వల్లెవేయించు పాఠ్యపుస్తకమునకు బదులు 'బాల్ వైజ్ఞానిక్' అను అభ్యాసగ్రంథము వారి చేతిలో నుండును. అందులో ప్రశ్నలును, చేయవలసిన పనులును ఉండును గాని సిద్ధముగా జవాబులుండవు. జవాబు వ్రాయవలసినవాడు విద్యార్థియే.

ఇట్టి బోధనమునకు ప్రత్యేకముగా ఏరి తెచ్చిన ఉపాధ్యాయులు లేరు. ఆ పల్లెబడులలో అదివరకే పనిచేయుచున్న సర్కారు ఉపాధ్యాయులే వారు. వారిలో విజ్ఞానశాస్త్రము చదివి పట్టము పొందనివారు పెక్కురు. జవాబు లేని పుస్తకమును ఇట్టి ఉపాధ్యాయుని చేతిలో పెట్టి, రేపటినుండి బోధింపుమన్నచో అతని గతి యేమి? కార్యక్రమము నడపినవారు మొదటి దినమునుండియు ఎదుర్కొనిన అసలు సమస్య యిది. దీనికి వారు కనుగొన్న సమాధానమే ఈ కథకు ప్రాణము.

శిక్షణ కాదు, సహాధ్యయనము

వేసవి సెలవులలో ఉపాధ్యాయులకు మూడు వారముల శిబిరము నడచెడిది. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క యేడు చొప్పున మూడేండ్లు వారు శిబిరమునకు వచ్చెడివారు. అచ్చట ఉపన్యాసములు వినుట ముఖ్యము గాదు. పిల్లలు చేయవలసిన ప్రతి ప్రయోగమును ఉపాధ్యాయులే నలుగురేసి జట్లుగా కూర్చుండి, పిల్లలవలెనే చేయవలెను. వారి ప్రక్కన ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండి, టాటా పరిశోధనాలయమునుండి, ఇతర విద్యాసంస్థలనుండి వచ్చిన శాస్త్రజ్ఞులుందురు. పల్లెబడిలో పనిచేయుటకై తమ ఆచార్యులకు వీలు కల్పింపుమని ఢిల్లీ విశ్వవిద్యాలయము వారు కోరగా, విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము అందుకు తోడ్పడెను. విశ్వవిద్యాలయ ఆచార్యుడును, ఆరవ తరగతి ఉపాధ్యాయుడును ఒకే బల్లకడ కూర్చుండి ఒకే విత్తనమును చీల్చి చూచుట మన విద్యాలోకములో అరుదైన దృశ్యము.

'చెప్పెడివానికి వినెడివాడు లోకువ' అని మన సామెత. శిక్షణాశిబిరములు చాలవరకు ఈ సామెతకు ఉదాహరణములు. హోషంగాబాదు శిబిరములో ఆ సామెత చెల్లలేదు. ఏలయన, అచ్చట చెప్పెడివాడు కూడ ప్రయోగము చేసి చూపవలెను. చేసినపుడు అతని ప్రయోగమును ఒక్కొక్కమారు తప్పును.

ఒక ఉదాహరణము చెప్పుదును. అభ్యాసగ్రంథములో 'ఘట్ బఢ్' అను పాఠమొకటి కలదు. తెలుగున 'హెచ్చుతగ్గు' అనవచ్చును. ఒకే బల్ల పొడవును తరగతిలోని పిల్లలందరును కొలిచినచో అందరికిని ఒకే సంఖ్య రాదు. మామూలు బడిలో ఉపాధ్యాయుడు ఒక సంఖ్యను ఒప్పని చెప్పి తక్కినవన్నియు తప్పని కొట్టివేయును. శిబిరములో ఉపాధ్యాయులే కొలిచినపుడు వారి సంఖ్యలును వేర్వేరుగానే వచ్చును. అప్పుడు ప్రశ్న మారును. ఎవరిది తప్పు అనుట మాని, ఈ హెచ్చుతగ్గు ఎచ్చటనుండి వచ్చినది, ఎంతవరకు సహజము, ఏ సంఖ్య చుట్టు ఎక్కువ కొలతలు చేరుచున్నవి అని అడుగవలసివచ్చును. కొలత యందలి అనిశ్చితిని గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పు గంభీరమైన విషయమంతయు ఈ చిన్న పాఠములో ఇమిడియున్నది. అంతకంటె ముఖ్యముగా, తన కొలతయు ఎదుటివాని కొలతయు ఒకటి కాకపోవుట సిగ్గుపడవలసిన విషయము గాదని ఉపాధ్యాయుడు స్వయముగా గ్రహించును. గ్రహించినవాడు మరల తన తరగతిలో పిల్లవాని సంఖ్యను తేలికగా కొట్టివేయడు.

నెలకొక్క దినము

వేసవి శిబిరము ఎంత గొప్పదైనను దాని వేడి దసరానాటికి చల్లారును. ఇది ఉపాధ్యాయులందరికిని తెలిసిన సత్యము. 1978లో కార్యక్రమము జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికిని విస్తరించినపుడు, ఆ వేడిని నిలుపుటకు వారు చేసిన యేర్పాటు మాసిక గోష్ఠి. కొన్ని బడులకు కలిపి 'సంగమ కేంద్ర' మొకటి ఉండెను. నెలకొక దినము ఆ బడుల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులందరు అచ్చట కూడవలెను. గత నెలలో చెప్పిన పాఠములలో ఏది కుదిరినది, ఏది కుదరలేదు, పిల్లలడిగిన ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదు అని చెప్పుకొనవలెను. వచ్చు నెల ప్రయోగములను అచ్చటనే చేసి చూచుకొనవలెను. ఇది సెలవునాటి వేడుక గాదు, ఉద్యోగధర్మములో భాగము.

ఈ గోష్ఠి విలువను మన ఊరి మొక్కలతో ఊహించి చూతము. అభ్యాసగ్రంథములో వేరునకును ఆకునకును గల సంబంధమును గూర్చిన పాఠము కలదు. పిల్లలు చేలగట్లకు పోయి మొక్కలు పీకి తెత్తురు. చిక్కుడు, తోటకూర వంటి వాటికి తల్లివేరు. ఆకులో ఈనెలు వలవలె అల్లుకొనియుండును. వరి, జొన్న, గరిక వంటి వాటికి పీచువేళ్ళు. ఆకులో ఈనెలు గీతలు గీసినట్లు ప్రక్కప్రక్కన సాగిపోవును. పది మొక్కలు చూచునప్పటికి పిల్లలే సూత్రమును కనుగొందురు. ఇంతలో ఒక పిల్లవాడు పెరటిలోని చేమ మొక్కను పెకలించి తెచ్చును. దాని వేళ్ళు పీచువేళ్ళు. ఆకులో మాత్రము వల కనబడుచున్నది. ఉపాధ్యాయుడేమి చేయవలెను? ఒంటరివాడైనచో ఆ మొక్కను ప్రక్కకు నెట్టి, సూత్రమును నల్లబల్లమీద వ్రాయించును. నెలాఖరున కూర్చుండుటకు ఒక గోష్ఠి యున్నచో, 'ఇది నాకును కొత్తగానే యున్నది, కనుగొని చెప్పుదును' అని ఆ చేమను నిలిపియుంచును. గోష్ఠిలో పదుగురు దానిని చూచి, ఇట్టి మొక్కలింకేవి కలవని వెదకుదురు. సూత్రమునకు అపవాదములుండునని, అపవాదమును దాచుట శాస్త్రధర్మము గాదని అప్పుడు బోధపడును. నాకు తెలియదనుటకు కావలసిన ధైర్యము ఒంటరిగా పుట్టదు. నలుగురితో కూర్చున్నప్పుడు పుట్టును.

గోష్ఠికి తోడుగా 'అనువర్తనము' అను యేర్పాటును ఉండెను. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు ఇతర బడులకు పోయి తరగతి జరుగుతీరు చూచెడివారు. వారు తనిఖీ అధికారులు గారు. తప్పు పట్టి నివేదిక వ్రాయుట వారి పని గాదు. ప్రయోగము చిక్కుపడినచో చేయి యందించుట వారి పని. ఇట్లు పల్లెబడి ఉపాధ్యాయులనుండియే ఇతరులకు శిక్షణ ఇయ్యగల ప్రవీణుల బృందమొకటి తయారైనది. 'హోషంగాబాద్ విజ్ఞాన్' అను పత్రిక ద్వారా ఉపాధ్యాయులు తమ అనుభవములను ఒకరికొకరు తెలుపుకొనుచుండిరి. వారి అనుభవము ననుసరించియే అభ్యాసగ్రంథము పలుమారు సవరింపబడెను.

తుమ్మముల్లు, అగ్గిపుల్ల, సవాలీరాం

పరికరముల విషయములోను ఇదియే వరుస. పట్టణపు దుకాణములలో దొరకు ఖరీదైన వస్తువులకు బదులు ఊరిలో దొరకు వస్తువులకు ప్రాధాన్య మిచ్చిరి. పూవును విప్పి చూచుటకు ఇనుపసూదికి బదులు తుమ్మముల్లు చాలును. అరవింద గుప్త అను ఇంజనీరు కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, పూనాలో మోటారు లారీల కర్మాగారములో పనిచేయుచు, 1978లో ఒక యేడు సెలవు పెట్టి ఈ పల్లెలకు వచ్చెను. సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కూర్చి త్రిభుజములు, ఘనములు, ఇండ్ల చట్రములు కట్టు పద్ధతిని అతడు ఇచ్చటనే రూపొందించెను. నాలుగు పుల్లల చతురస్రము వ్రేలితో నొక్కిన ప్రక్కకు ఒరిగిపోవును, మూడు పుల్లల త్రిభుజము ఒరగదు. వంతెనలలో త్రిభుజములేల ఉండునో పిల్లవాడు దీనితోనే గ్రహించును. తదుపరి ఆ ఆటవస్తువులు దేశమంతట వ్యాపించినవి. 2018లో ప్రభుత్వము వారు అతనిని పద్మశ్రీతో గౌరవించిరి.

పిల్లలకు ఉత్తరములు వ్రాసికొనుటకు 'సవాలీరాం' అను కల్పితవ్యక్తి యొకడుండెను. ఏ సందేహము వచ్చినను పిల్లలు అతనికి ఉత్తరము వ్రాయుదురు. అతని పేర జవాబు వచ్చును. హిందీలో సవాలనగా ప్రశ్న. తెలుగులో ఆ మాటకే పందెము విసరి ఎదిరించుట అను అర్థము రూఢమైనది. భాష చెప్పువాడనగుటచే నాకు ఈ అర్థభేదము రుచించినది. పిల్లవాని ప్రశ్న నిజముగా ఒక సవాలే; దానిని ఎదిరింపుగా తలచువాడు కోపించును, పిలుపుగా తలచువాడు నేర్చుకొనును.

పరీక్షను సైతము మార్చిరి. ఎనిమిదవ తరగతి పరీక్షలో పుస్తకము తెరచి చూచి వ్రాయవచ్చును. వ్రాతపరీక్షతో పాటు ప్రయోగపరీక్షయు కలదు. కంఠస్థము చేసిన వాక్యము అందులో అక్కరకు రాదు. పుస్తకము చూచి వ్రాయదగిన జవాబుకాక, ఆలోచించి వ్రాయవలసిన జవాబు కోరు ప్రశ్నను కూర్చుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కష్టమును ఉపాధ్యాయులు కలసికూర్చుండి పడుటయే వారికి మరియొక చదువైనది.

ఏకలవ్యుని బొటనవ్రేలు

1982లో ఈ కార్యక్రమము నడుపుటకును, విస్తరింపజేయుటకును 'ఏకలవ్య' అను సంస్థ వెలసెను. పిల్లలకై 'చక్మక్' అను మాసపత్రికయు ఆ సంస్థనుండియే వెలువడినది. కాలక్రమమున కార్యక్రమము పదికి మించిన జిల్లాలలోని బడులకు వ్యాపించెను.

లోపములు లేవని చెప్పుట సత్యము గాదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీపై పోయినచో ఆ బడిలో పని కుంటుపడెడిది. పరికరములు వేళకు అందకపోవుట కలదు. బడిలో ఇతర పాఠములన్నియు పాతపద్ధతినే నడచుచుండగా విజ్ఞానశాస్త్ర మొక్కటియే వేరుదారి పట్టుటచే చిక్కులును కలిగెను. తొమ్మిదవ తరగతిలో మరల కంఠస్థవిద్యకే రావలసిన పిల్లలను చూచి తల్లిదండ్రులు కలతపడుటలో ఆశ్చర్యము లేదు. పరీక్షాఫలితములు చూపి కొందరు ఫిర్యాదు చేసిరి. రాష్ట్రమంతట ఒక పుస్తకముండగా ఇచ్చట వేరొకటి యేల అను ప్రశ్న పుట్టెను. 2002లో ప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసెను. ఉపాధ్యాయులును, దేశములోని శాస్త్రజ్ఞులును పలువురు వలదని విన్నవించినను ఫలితము లేకపోయెను.

ఏకలవ్యుని కథ మనకు నన్నయభట్టు ఆదిపర్వమున తెనిగించి ఇచ్చినదే. గురువు లేకయే విద్య సాధించినవాని బొటనవ్రేలు దక్షిణగా పోయినది. సంస్థకు ఆ పేరు పెట్టినవారు, ఇరువది యేండ్ల పిమ్మట అంతటి దక్షిణ తామును చెల్లింపవలసి వచ్చునని తలచియుండరు. అయినను ఒక భేదము కలదు. ఏకలవ్యుడు నేర్చిన విద్య అతని వ్రేలితో పోయినది. ఈ ఉపాధ్యాయుల విద్య ఒక్కరి వ్రేలిలో లేదు. సంస్థ నిలిచినది. చేసి నేర్చుకొనుట అను భావము 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రములో గౌరవస్థానము పొందినది. ఆ చట్రము ననుసరించి 2011లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును ఒక పాఠ్యప్రణాళిక తయారైనది. దాని వెనుక వచ్చిన మన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములలో అడుగడుగునను కనబడిన 'కృత్యము' అను మాటకు ఆ నర్మదాతీరముతో చుట్టరికము కలదు.

మన ఇంటి సంగతి

మనకును ఇట్టి ప్రయత్నము పూర్తిగా కొత్త గాదు. 1984లో బ్రిటిషు ప్రభుత్వపు సహాయముతో ఆరంభమై 1996 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకములో ఉపాధ్యాయ కేంద్రములను నెలకొల్పిరి. చుట్టుప్రక్కల బడుల ఉపాధ్యాయులు అప్పుడప్పుడు అచ్చట కూడి, బోధనోపకరణములు తయారుచేసికొని, పాఠములు చెప్పి చూపుకొనుచుండిరి. నాటి ఉపాధ్యాయులకు ఆ కేంద్రములు జ్ఞాపకముండియే యుండును. పాఠశాలా సముదాయముల సూచన 1964-66 నాటి కొఠారీ సంఘము నాటిది. 2020 జాతీయ విద్యావిధానము దానిని మరల చెప్పినది. ప్రతి ఉపాధ్యాయునకును ఏటేట 50 గంటల వృత్తివికాసమునకు అవకాశముండవలెననియు అదే విధానము పలికినది.

గంటలు లెక్కపెట్టుట సులభము. ఆ గంటలలో జరుగునదేమి అనునదే ప్రశ్న. 2017లో 'దీక్ష' అను అంతర్జాల వేదికయు, 2019లో 'నిష్ఠ' అను శిక్షణ కార్యక్రమమును వెలసినవి. కరోనా కాలమున 'నిష్ఠ' సైతము తెరమీదికే చేరెను. వాని వలన ఉపయోగము లేదనను. మారుమూల పల్లెలోని ఉపాధ్యాయునకు మంచిపాఠము ఇంటికి వచ్చుట సామాన్యమైన మేలు గాదు. కాని ఆ పేర్లను గమనింపుడు. దీక్షయు నిష్ఠయు ఏకాంతమున తపస్సు చేయువానికి తగిన మాటలు. ఉపాధ్యాయుడు ఇదివరకే ఏకాంతవాసి. అతనికి కొరతగా నున్నది గోష్ఠి. తెరమీది పాఠమును అతడు వినగలడు గాని, తన చేమ మొక్కను ఆ తెరకు చూపి 'దీని సంగతి యేమి?' అని అడుగలేడు.

గోష్ఠి కుదురుటకు పెద్ద వ్యయమక్కరలేదు. ఒక మండలములోని ఏడెనిమిది బడుల విజ్ఞానశాస్త్ర, గణితశాస్త్ర ఉపాధ్యాయులు నెలకొక పూట కూడినచో చాలును. ప్రతివారును తమ తరగతిలో కుదరని ప్రయోగ మొకటి, జవాబు చెప్పలేని ప్రశ్న యొకటి వెంట తేవలెను; విజయములు చెప్పుకొనుటకు వేరే వేదికలు కలవు. సర్క్యులర్లు చదువుటకు, గణాంకములు నింపుటకు ఆ పూటను వాడరాదు. అధికారి వచ్చినచో సంతోషమే. అయితే ఆయనయు ఒక ప్రయోగము చేసి చూపవలెను. వినుటకు ఇది పరిహాసముగా నుండవచ్చును, కాని హోషంగాబాదు శిబిరములకు బలమిచ్చిన నియమము ఇదియే.

ఈ పంక్తులు చదువు విద్యార్థులకును ఒక మాట. మీ ఉపాధ్యాయుడు మీ ప్రశ్న విని, తెలియదు, కనుగొని చెప్పెదనన్నచో ఆయనను తక్కువగా చూడకుడు. మరునాడు ఆ ప్రశ్నను మరల జ్ఞాపకము చేయుడు. మీ ప్రశ్నను ఆయన పదుగురిలో పెట్టి చర్చించి వచ్చెనేని, ఆ ప్రశ్న వలన మీరొక్కరే కాక పది బడుల పిల్లలు లాభము పొందుదురు.

పూర్వుల లెక్కలో నాలుగు పాళ్ళును సమానములే. మూడు పాళ్ళతో తృప్తిపడు ఉపాధ్యాయుడు తన విద్యార్థికిని ముప్పాతిక చదువే ఇయ్యగలడు. ఆ లోటైన పాలు ఏ ఆజ్ఞాపత్రముతోను రాదు. పక్క ఊరి బడిలో, పక్క గదిలో అది మనకొరకు వేచియున్నది. తలుపు తట్టవలసినవారము మనమే.